అప్‌డేట్: పాత బండి రిజిస్ట్రేషన్ అయిపోయింది

నా పాత బండి ఛాసిస్ నంబరు (ఫ్రేమ్ మీద కొట్టిన గుర్తింపు నంబరు) అక్షరాలు, అంకెలు కలిపి 17 లేవని ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఫారం తీసుకోవడం లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, ఆ పని పూర్తయింది. మీరన్నట్టు లోపం బండిది కాదు. 17 అక్షరాల పద్ధతి 1980ల మొదట్లో స్థిరపడింది, అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే నేరుగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకే బండి తీసుకెళ్లి చూపించాను.

అసలు టెన్షన్ తుప్పుతోనే. ఫ్రేమ్ మీద నంబరు సగం కనబడలేదు. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మెల్లగా తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే చివరి అంకెలు కూడా స్పష్టంగా తేలాయి. దయచేసి ఎవరూ అక్కడ గ్రైండర్ పెట్టకండి! గీతలు పడితే నంబరు దిద్దారని అనుమానిస్తారు. పాత యజమాని సంతకం చేసిన అమ్మకం కాగితం కూడా బాగా కలిసొచ్చింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.