చింతచెట్టు మీద మొక్క బదనికేనా? దీని గింజలు ఎందుకు మొలవలా?

ఉదయగిరి రైతుబిడ్డ:
మా చేను గట్టున తాతల నాటి చింతచెట్టు ఉండాది, దాని కొమ్మ మీద ఒక మొక్క, ఆకులు సన్నంగా దళసరిగా మధ్యలో గాడి పెట్టినట్టు ఉంటాయి, వేళ్ళేమో తెల్ల తాళ్ళలాగా గాల్లో వేలాడతా ఉంటాయి. పోయినేడు మే నెలలో పూసింది, పసుపుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో ఊదారంగు నాలుక, భలే వాసన. మా నాయన అది బదనిక, చెట్టుని పీల్చేస్తాది కొట్టెయ్ అంటాడు, నాకు మనసొప్పలా. కాయ నెలల తరబడి పచ్చిగానే ఉండి చివరికి పగిలింది, లోపల లేత పసుపు పొడి. గింజలే కదా అని కుండీలో చల్లి మూడు నెలలు నీళ్ళు పోశా, ఒక్కటీ రాలా. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి.

నల్లమల నడక:
కొట్టొద్దు తమ్ముడూ! అది ఆర్కిడ్ అనే పూలమొక్క, శాస్త్రం పేరు వాండా టెస్సలేటా. టెస్సలేటా అంటేనే గళ్ళగళ్ళది అని, మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర 1795లో ఆ టెస్సలేటా పేరు పెట్టాడు. మా గిద్దలూరు వైపు కూడా ఉంది. బదనికైతే వేరు కొమ్మలోకి దిగి అతుకు దగ్గర ఉబ్బుతుంది, చెట్టు నీళ్ళు తాగుతుంది. ఇది బెరడు మీద పాకి కూర్చుంటుంది అంతే, వానా మంచూ గాలిదుమ్మూ దీని తిండి. ఒక పని చెయ్, ఆ తెల్ల వేరు మీద గ్లాసుడు నీళ్ళు పొయ్యి, చూస్తుండగానే పచ్చబడుతుంది. పైనున్నది స్పాంజి లాంటి చచ్చిన పొర, తడిస్తే లోపలి పచ్చదనం కనిపిస్తుంది. వేళ్ళని రాస్నా పేరుతో మందుల్లో వాడతారని పీకేసేవాళ్ళు ఉన్నారు, అదే నా బాధ.

కావలి బాటనీ టీచర్:
బాబూ, నీ తప్పేం లేదు. ఆర్కిడ్ గింజ దుమ్ముకణం అంత ఉంటుంది, వేరుశనగ పప్పులోలాగా పిల్లమొక్కకి తిండి దాచిపెట్టి ఉండదు. ఒకరకం బూజు ఆ గింజలోకి దూరి తిండి అందిస్తేనే మొలుస్తుంది, 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచాయన కనిపెట్టిన సంగతి ఇది. అలా అందితే ముందు ప్రోటోకార్మ్ అనే చిన్న ఉండ అవుతుంది, వేరూ ఆకూ ఏమీ ఉండవు, తర్వాత ఆకు, ఆ తర్వాత వేరు, పువ్వు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే ఒక్క కాయలో వేలకి వేలు గింజలు, గాలికి ఎగిరిన వాటిలో ఎక్కడో ఒకటి సరైన బెరడు మీద పడితే అదే గొప్ప. ల్యాబుల్లో అయితే చక్కెర కలిపిన జెల్లీ మీద బూజు లేకుండానే మొలిపిస్తారు, 1922లో నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించిన పద్ధతి. నువ్వు మట్టి మాట మర్చిపో. ఈసారి కాయ పగిలితే ఆ పొడిని తల్లి మొక్క వేళ్ళ పక్కనే బెరడు సందుల్లో రుద్దు, ఆ బూజు ఉంటే అక్కడే ఉంటుంది. గాలివానకి మొక్క కింద పడితే మాత్రం వేపకొమ్మకి గుడ్డపీలికతో కట్టు, బతుకుతుంది.

ఉదయగిరి రైతుబిడ్డ:
నీళ్ళు పోశా, నిజంగానే పచ్చబడింది! నాయన నిచ్చెనేసుకుని ఎక్కి వేరు కొస లేపి చూసి, లోపలికి పోలేదురా, పైపైనే ఉండాది అన్నాడు. గొడ్డలి ఇంట్లో పెట్టేశాడు. ఇంకో కాయ ఉండాది టీచరమ్మా, ఇంకా పచ్చిగానే ఉంది, రోజూ పోయి చూసొస్తన్నా.