నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోతోంది, ఏ చికిత్సతో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్లు. రెండు కణతల దగ్గరా జుట్టు లోపలికి పోతూ నుదురు పెద్దదవుతోంది. నాన్నగారికీ, మేనమామకీ బట్టతల ఉంది. ఒకరు మినాక్సిడిల్ రాయమంటారు, ఇంకొకరు మాత్రలు వేసుకోమంటారు, మరొకరు నేరుగా ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమంటారు. ప్రస్తుతం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మాత్రం వాడుతున్నాను. అద్దం చూస్తే టెన్షన్ వస్తోంది. ఏది ముందు, ఏది తర్వాత?

జవాబు:
తమ్ముడూ, కంగారు పడకు. ముందు ఇది వంశపారంపర్యంగా వచ్చే బట్టతలేనా అన్నది తేల్చుకో. మంచి వెలుతురులో కణతల దగ్గర జుట్టు పాయ తీసి చూడు. మందమైన వెంట్రుకల మధ్య సన్నగా, పొట్టిగా, నూగులా ఉన్నవి కలిసి కనిపిస్తే కుదుళ్లు కుంచించుకుపోతున్నాయని అర్థం. స్కిన్ డాక్టర్ డెర్మాస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) పెట్టి చూసి ఖాయం చేస్తారు. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు తలంతా రాలడం వేరే సంగతి, అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. నుదుటి అంచున చర్మం నున్నగా మెరుస్తూ కనుబొమలు కూడా పలచబడుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ రకంలో కుదుళ్లు శాశ్వతంగా పోతాయి.

వంశపారంపర్యమే అయితే, ఉన్న జుట్టును కాపాడుకోవడమే మొదటి పని. పోయింది తిరిగి రావడం కంటే ఉన్నది నిలవడం తేలిక.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే మందుగా తెచ్చారు. మగవాళ్లకు 5 శాతం ద్రావణం, పూటకు 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు. జుట్టుకు కాదు, తల చర్మానికి తగలాలి. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు. పాత వెంట్రుకలు ఊడి కొత్తవాటికి దారి ఇస్తున్నాయన్నమాట. చాలామంది సరిగ్గా అక్కడే భయపడి మానేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. కనీసం నాలుగు నెలలు, వీలైతే ఏడాది చూశాకే తీర్పు చెప్పాలి. మానేస్తే కొన్ని నెలల్లో వచ్చిన లాభం పోతుంది. నుదుటి అంచున ఫలితం నడినెత్తి మీద వచ్చినంత రాకపోవచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

ఒకే చోట, ఒకే వెలుతురులో, పొడి జుట్టుతో నెలకో ఫొటో తీసి పెట్టుకో. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, దిగులు మాత్రం పెరుగుతుంది.

ఇంకొకరి జవాబు:
మాత్రల సంగతికొస్తే, ఫినాస్టరైడ్ గురించి కూడా చెప్పాలండీ. కుదుళ్లను కుంచింపజేసేది డీహెచ్‌టీ అనే హార్మోన్. రోజుకు 1 మి.గ్రా. మాత్ర రక్తంలో దాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. రాలడం ఆపడంలో ఇది బలమైన మందు. అయితే కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు వస్తాయి. మానేశాక కూడా అవి తగ్గలేదన్నవాళ్లు ఉన్నారు. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలిగితే వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి. ఇదివరకు డిప్రెషన్ ఉండి ఉంటే మొదటే చెప్పండి. స్నేహితుడి చీటీ చూసి కొనుక్కునే మందు కాదిది.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి ట్రాన్స్‌ప్లాంట్? పీఆర్‌పీ?

జవాబు:
పీఆర్‌పీ అంటే మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తీసి తల చర్మంలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం. దానితో కొందరికి కొంత మేలు కనిపిస్తుంది. ఫలితం మనిషికో రకంగా ఉంటుంది, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. దాన్ని మొదటి మెట్టుగా పెట్టుకోవద్దు.

ట్రాన్స్‌ప్లాంట్‌కు ఇప్పుడే తొందరపడొద్దని గట్టిగా చెబుతున్నాను. తల వెనక కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు కాబట్టి వాటిని తెచ్చి ముందు నాటుతారు. కానీ ఆ నిల్వ పరిమితం. నీ వయసులో నుదుటిపై జుట్టు మొదలయ్యే గీతను కిందికి దించి నాటించుకుంటే, దాని వెనకున్న సొంత జుట్టు తర్వాత ఊడిపోయి ముందొక గీత, వెనక ఖాళీ మిగలొచ్చు. ముందు ఒక ఏడాది మందులతో రాలడం ఆగుతుందేమో చూడు. అయినా నాటించుకుంటే, నాటిన వెంట్రుకలు మొదటి నెలలో రాలి, మూడు నాలుగు నెలలకు మొలవడం మొదలవుతుంది. పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. మందులు ఆ తర్వాత కూడా కొనసాగించాల్సి రావచ్చు.

బయోటిన్ లోపం ఉంటేనే పనికొస్తుంది. పైగా థైరాయిడ్, గుండె రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. పరీక్షకు వెళ్లేముందు వాడుతున్న సంగతి చెప్పు.

ఇంకొకరి జవాబు:
ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన, నలిగిన ఫినాస్టరైడ్ మాత్రను ఆమె ముట్టుకోకూడదు, మగశిశువుకు హాని. మాత్ర వాడుతున్నన్నాళ్లూ, మానేశాక ఒక నెల వరకూ రక్తదానం చేయకండి. పిల్లి ఉంటే మినాక్సిడిల్ రాసిన తలను, దిండు గలేబును దానికి దూరంగా ఉంచండి. కాస్త నాకినా పిల్లులకు ప్రాణాపాయం.