పదిహేనేళ్లు నిండబోతున్న పెట్రోల్ కారు: పొగ పరీక్షలో పెరిగిన అంకె

బెజవాడ వాసి:
2011లో కొన్న మా బీఎస్-3 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో మూడోది) పెట్రోల్ కారుకు త్వరలో రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఇన్నాళ్లూ పొల్యూషన్ పరీక్షలో 0.1 శాతం దగ్గర ఉండే కార్బన్ మోనాక్సైడ్ ఈసారి 0.4 చూపింది. పరిమితి 0.5 కనుక సర్టిఫికెట్ వచ్చింది గానీ, రెండు సర్వీసుల మధ్య ఇంజిన్ ఆయిల్ కూడా అర లీటరు తగ్గుతున్నందున అనుమానంగా ఉంది. ఇది వయసుతో తప్పనిదేనా, లేక బాగు చేయించదగినదా? పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ మార్చమని ఒక వర్క్‌షాపులో చెప్పారు.

పాత మెకానిక్:
కన్వర్టర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇంజిన్‌లో కాలిపోతున్న ఆయిల్‌లోని భాస్వరం కన్వర్టర్ లోపలి పూతను కప్పేస్తుంది కాబట్టి, ఆయిల్ కాలడం ఆపకుండా కొత్తది వేయిస్తే దానికీ అదే గతి పడుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే క్షణకాలం నీలిపొగ వచ్చి ఆగిపోతే సాధారణంగా వాల్వ్ సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ లోపలికి కారకుండా ఆపేవి) గట్టిపడ్డాయని, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి) అరిగాయని అనుమానించాలి. సీళ్ల పని చిన్నది. రింగులంటే ఇంజిన్ విప్పవలసిందే. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కూడా చూపించండి. పాతబడి మందగించిన సెన్సర్ తప్పుడు సమాచారం ఇస్తే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు పంపుతుంది, అప్పుడూ ఈ అంకె పెరుగుతుంది.

గుంటూరు చంద్రం:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక తేడా చెప్పాలి. వయసు వేరు, బండి పుట్టిన ప్రమాణం వేరు. బీఎస్-3 పెట్రోల్ కారుకు కిలోమీటరుకు 2.3 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వరకు అనుమతి ఉండేది. బీఎస్-4 దాన్ని ఒక గ్రాముకు తగ్గించింది. కాబట్టి ఎంత శ్రద్ధగా చూసుకున్నా మీ కారు కొత్త కారంత శుభ్రం కాకపోవచ్చు. పైగా బండి నిలిపి చేసే ఆ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవనే కొలవదు. ఖర్చు లెక్కలో రబ్బరు గొట్టాలు, ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బుష్‌లు కూడా వేసుకోండి. తక్కువ తిరిగినా ఇవి ఏళ్లకు పాడవుతాయి. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022లోనే 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. అదీ అయిదేళ్లకే.

బెజవాడ వాసి:
ఈ ఉదయం చూశాను, పొగ స్టార్ట్ చేసినప్పుడే కనిపించింది. ముందు రింగులు బాగున్నాయో లేదో తెలిపే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) చేయించి, సీళ్ల సంగతి తేలాకే కన్వర్టర్ విషయం ఆలోచిస్తాను.