ఒపెరా చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి? నలుగురిలో ఏం మాట్లాడాలి?

అనంతపురం_కుర్రోడు

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. మా టీమ్‌లో ఇద్దరు ముగ్గురు ఒపెరా (పాటలతోనే కథ నడిపే పాశ్చాత్య నాటకం) పిచ్చోళ్లున్నారు, లంచ్‌కి కూర్చుంటే చాలు, ఆ సోప్రానో (ఆడవాళ్లలో పై గొంతు) అట్లా పాడింది, ఈ టెనర్‌కి (మగవాళ్లలో పై గొంతు) పైస్వరం అందలేదు అని ఒకటే వాదన, నేను పెరుగన్నం కలుపుకుంటూ వింటూ ఉంటాను. వచ్చే నెల ఒకరింట్లో పెద్ద స్క్రీన్ మీద లా ట్రావియాటా అనే ఒపెరా చూద్దామని నన్నూ పిలిచారు. యూట్యూబ్‌లో కాస్త పెట్టి చూశాను, ఒకామె గొంతు వణికిస్తూ అరుస్తోంది అనిపించింది, అంతే. భాష ఇటాలియన్, కథ తెలీదు, సంగీతం అసలే తెలీదు. మా తాత మాత్రం ఊర్లో కురుక్షేత్రం నాటకం అంటే తెల్లారేదాకా లేచేవాడు కాదు. నాకు ఆ ఓపిక ఎట్లా వస్తుంది, అక్కడ నోరు తెరిస్తే పరువు పోకుండా ఏం మాట్లాడాలి?

తాడిపత్రి_హార్మోనియం

బాబూ, ముందు కథ పూర్తిగా చదువుకో, చివర్లో ఎవరు చస్తారో కూడా. సస్పెన్స్ పోతుందని భయపడొద్దు. రాయబారం చెడిపోతుందని తెలియనోడు కురుక్షేత్రం చూడటానికి వచ్చిన జనంలో ఒక్కడైనా ఉంటాడా? ఈ రోజు కృష్ణుడు ఆ పద్యం ఎట్లా ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు నిలబెడతాడు, దుర్యోధనుడు దానికి దీటుగా లేస్తాడా, దానికోసమే మీ తాత కూర్చున్నాడు. ఒపెరా జనం కూడా దానికోసమే కూర్చుంటారు.

ఇక ఆ అరుపు సంగతి. ఒపెరా హాల్లో గాయకులకు మైకు పెట్టరు. కింద అరవై డెబ్బై మంది ఆర్కెస్ట్రా వాయిస్తుంటే, రెండు మూడు వేల మంది కూర్చున్న హాల్లో వెనక వరసకి వినపడాలి. మైకులు రాకముందు మన నాటకాలోళ్లు పాడింది కూడా అట్లాగే కదా. అయితే వీళ్లది ఉత్త బలం కాదు, సాధన చేసిన గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర ఒక పదును వస్తుంది, ఆర్కెస్ట్రా మోత ఆ ఎత్తులో పలచబడుతుంది కాబట్టి గొంతు దాన్ని చీల్చుకుని పైకొస్తుంది. ఫోన్ స్పీకర్లో పెడితే అదంతా పోయి అరుపే మిగులుతుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకో.

వణుకు అన్నావే, దాన్ని వైబ్రాటో అంటారు, ఒకే స్వరం మీద క్షణానికి ఐదారు సార్లు ఊగుతుంది. మన గమకం వేరు, అది రాగాన్ని బట్టి స్వరం నుంచి స్వరానికి పోతుంది. అందుకే మన చెవికి మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. కొన్నాళ్లకి అలవాటైపోతుంది.

కోటిరెడ్డి_సర్కిల్

తమ్ముడూ, నువ్వు వెళ్లేది ట్రావియాటాకే కాబట్టి వేరేవి వదిలెయ్, దాన్నే గట్టిగా పట్టుకో. ఇటలీ సంగీతకారుడు వెర్డీ రాసింది, 1853లో వెనిస్‌లో మొదటిసారి ఆడితే దెబ్బతింది. క్షయతో చనిపోయే నాయిక వేషం వేసినామె బొద్దుగా ఉందని జనం నవ్వారంటారు. మరుసటి ఏడాది కొద్ది మార్పులతో అదే వెనిస్‌లో వేరే థియేటర్లో ఆడితే హిట్.

మూడంకాలు, పాట మొత్తం రెండు గంటల పైచిలుకు. అయితే నువ్వు మొదటి అంకంతో మొదలుపెట్టొద్దు. రెండో అంకం మొదటి సీను పెట్టు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. ఒపెరావిజన్ అనే వెబ్‌సైట్లో ఒపెరాలు ఉచితంగానే పెడుతుంటారు, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

సీను ఇది. వియొలెట్టా పారిస్‌లో పేరుమోసిన వేశ్య, అదంతా వదిలేసి ఆల్‌ఫ్రెడో అనే కుర్రాడితో పల్లెటూరి ఇంట్లో ఉంటోంది, ఇల్లు గడవడానికి తన ఆస్తులే అమ్ముతోంది. కుర్రాడు లేని టైమ్ చూసి వాళ్ల నాన్న జెర్మాన్ వస్తాడు. నా కొడుకు ఆస్తి తినడానికి వచ్చావు అన్నట్టు మొదలుపెడతాడు, ఆమె తన ఆస్తులు అమ్ముతున్న కాగితాలు ముందు పెడుతుంది. మనిషి మెత్తబడతాడు. అప్పుడు అసలు మాట బయటికొస్తుంది. నాకొక కూతురుంది, నీ వల్ల మావాడు ఇంటికి రాకపోతే మా అమ్మాయి సంబంధం తప్పిపోతుంది.

చెప్పు, ఈ డైలాగ్ అర్థం కావడానికి కడప జిల్లావాళ్లకి ఇటాలియన్ రావాలా?

ఆమె మొదట కొద్దిరోజులు దూరంగా ఉండమంటున్నాడేమో అనుకుంటుంది. కాదు, శాశ్వతంగా అంటాడు. నాకు జబ్బు, నాకెవరూ లేరు అంటుంది. వయసు పోయాక వాడు నిన్ను చూస్తాడా అంటాడు, ఎంతో మర్యాదగా. అక్కడ ఆమె లొంగిపోయి, మీ అమ్మాయికి చెప్పండి అని చాలా సన్నగా ఎత్తుకుంటుంది. అంతవరకూ పెద్ద గొంతు పెట్టినామె ఒక్కసారిగా ఎంత తగ్గించగలదో చూడు, పైస్వరాల కన్నా అది కష్టం. జెర్మాన్‌ది బారిటోన్, అంటే మగవాళ్లలో మధ్య గొంతు, పెద్దమనుషులకూ తండ్రులకూ వెర్డీ ఎక్కువగా ఇచ్చేది అదే.

ఆ తర్వాత ఆల్‌ఫ్రెడో వస్తాడు. ఆమె వెళ్లిపోతున్నానని చెప్పదు, నన్ను ప్రేమించు ఆల్‌ఫ్రెడో, నేను నిన్ను ప్రేమించినంతగా, అని ఆర్కెస్ట్రా మొత్తం లేచి వస్తుండగా ఒక్కసారి పాడి పరిగెత్తుకుపోతుంది. నిమిషం కూడా ఉండదేమో. ఆ బాణీనే మొదటి అంకానికి తెర లేవకముందు ఆర్కెస్ట్రా వాయించి ఉంటుంది, కానీ అప్పుడు మనకి అదేంటో తెలీదు. రెండోసారి మొదటినుంచి చూసినప్పుడు నీకే తెలుస్తుంది.

కొండారెడ్డి_బురుజు

మన సురభి నాటకాలకి జనం లేరు గానీ ఇటలీ పాటలు కావాలి. 1885లో కీచకవధతో ఆ సమాజం పుట్టిందే కడప జిల్లా సురభి ఊర్లో. అది చూశారా ఎవరైనా?

తాడిపత్రి_హార్మోనియం

చూశాం సామీ, చిన్నప్పుడు చాలా చూశాం. ఒకటి చూస్తే ఇంకొకటి చూడకూడదని ఎక్కడుంది? నాకైతే ఒపెరా విన్నాకే మన నాటకంలో లేనిదేదో తెలిసింది. మన దగ్గర ఒకరు పద్యం పాడితే ఇంకొకరు ఆగి వినాలి. వెర్డీదే రిగొలెట్టో అనే ఇంకో ఒపెరాలో చివరి అంకంలో నలుగురు ఒకేసారి పాడతారు, లోపల ఒకడు ఒకామెతో సరసాలాడుతుంటే ఆమె నవ్వుతూ తప్పించుకుంటూ ఉంటుంది, బయట ఆ మోసం చూసి ఇంకో అమ్మాయి ఏడుస్తుంటుంది, తండ్రి పగ తీరుస్తానంటుంటాడు. నాలుగు మాటలు, నాలుగు మనసులు, పాట మాత్రం ఒకటే. మన పద్ధతిలో అది కుదరదు.

కుర్రోడికి ఇంకో మాట. మా ఊర్లోనే పుట్టిన బళ్లారి రాఘవకి రాగాలు సాగదీయడం కన్నా నటనే ముఖ్యం. పాటా, నటనా అన్న ఆ తగువు ఒపెరాలోనూ ఉంది. 1950లలో కాలాస్, తెబాల్దీ అని ఇద్దరు పెద్ద సోప్రానోలు, వాళ్ల అభిమానులు కొట్టుకున్నంత పని చేశారు, తెబాల్దీది నున్నటి గొంతు, కాలాస్ గొంతులో గరుకు ఉంటుంది గానీ పాత్ర కళ్లముందు నిలబడుతుంది. వియొలెట్టాగా ఇద్దరివీ విని, నీకెవరు నచ్చారో చెప్పు చాలు, లంచ్ టైమ్ అయిపోతుంది.

అనంతపురం_కుర్రోడు

అక్కా, రెండో అంకం చూశాను. మళ్లీ చూశాను. ఆ జెర్మాన్‌ని చూస్తే ఒళ్లు మండింది, మా బంధువుల్లో ఒకాయన అచ్చం అట్లాగే మెత్తగా మాట్లాడుతూ పని కానిస్తాడు. కానీ కొడుకుని ఓదారుస్తూ పాడిన పాట బాగుంది, అదే చిరాకు. ఇంకో డౌట్. మొదటి అంకం చివర్లో వియొలెట్టా పాటకి ఒకామె ఆఖర్న ఆకాశానికి పోయింది, ఇంకొకామె పోలేదు. రెండో ఆమెకి చేతకాలేదా?

కోటిరెడ్డి_సర్కిల్

ఇదిగో, మాట్లాడటానికి నీకు పాయింట్ దొరికింది. ఆ పైస్వరం వెర్డీ రాయలేదు, గాయనులు ఆనవాయితీగా కలుపుకున్నది. కొందరు పాడతారు, కొందరు రాసినదాని దగ్గరే ఆగుతారు, చేతకాక అని కాదు. మీ వాళ్లని అడిగి చూడు, ఆ స్వరం ఉండాలా వద్దా అని. నేనైతే వద్దంటాను, అప్పటిదాకా నాకు స్వేచ్ఛ కావాలి అని తనని తాను నమ్మించుకుంటున్న మనిషి హఠాత్తుగా సర్కస్ చేసినట్టు ఉంటుంది.

తాడిపత్రి_హార్మోనియం

ఉండాల్సిందే. జనం వచ్చేది దానికే. మన దగ్గర వన్స్ మోర్ అంటే పద్యం మళ్లీ ఎత్తుకుంటారు, మిలాన్ లా స్కాలాలో దాన్నీ ఆపేశారు, 2007లో ఫ్లోరెస్ అనే టెనర్ తొమ్మిది పైస్వరాలున్న పాట మళ్లీ పాడితే 1933 తర్వాత అక్కడ అదే మొదటిసారి అని పేపర్లు రాశాయి. అంత పట్టింపు ఎందుకమ్మా?

కోటిరెడ్డి_సర్కిల్

చచ్చిపోయే సీన్లో వన్స్ మోర్ అడిగితే లేచి కూర్చుని మళ్లీ చచ్చిపోయే ఆర్టిస్టుల్ని చూసినోళ్లం కాబట్టి, అన్నా :) తమ్ముడూ, జెర్మాన్ మూడో అంకంలో మళ్లీ వస్తాడు, పశ్చాత్తాపంతో. అది చూసి కూడా ఒళ్లు మండుతుందో లేదో చెప్పు.