మేఘనాద్ సాహా ఎన్నికల్లో నిలబడకుండా ఉండాల్సిందా?

పాతనోటుబుక్కు:
భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1952లో వాయవ్య కలకత్తా నుంచి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించి తొలి లోక్‌సభకు వెళ్లారు. దాన్ని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం బాధ కలుగుతుంది. 1920లో, ఇరవై ఆరేళ్లకే అయనీకరణ సమీకరణం (వేడికి పరమాణువులు ఎంతమేరకు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే లెక్క) రాసిన మనిషి తన చివరి నాలుగేళ్లను మంత్రులతో వాదించడానికి ఖర్చు పెట్టారు. సభలో వాదించేవాళ్లు దేశంలో వందలమంది దొరుకుతారు. అలాంటి సమీకరణం రాయగలవాళ్లు ఎంతమంది? రాజకీయం వల్ల మనం ఒక భౌతిక శాస్త్రవేత్తను పోగొట్టుకున్నామని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

వర్ణపటం:
కాదంటాను. ముందు ఆ సమీకరణం సంగతి చూద్దాం. ఒక నక్షత్రపు వర్ణపటంలో, అంటే దాని కాంతిని విడదీస్తే వచ్చే రంగుల పట్టీలో, ఒక మూలకపు గీత బలహీనంగా ఉంటే అక్కడ ఆ మూలకం తక్కువని అనుకోవాల్సిన పనిలేదు. ఆ ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర పరమాణువుల్లో ఎంత భాగం ఎలక్ట్రాన్లు కోల్పోయిందో లెక్కవేస్తే అసలు సంగతి తేలుతుందని సాహా చూపించారు. 1925లో ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ ఈ లెక్కనే వాడి, నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియం అని తేల్చింది. ఇంత పని చేసిన మనిషికి తన సిద్ధాంతాన్ని ప్రయోగంతో పరీక్షించుకునే సౌకర్యం స్వదేశంలో లేదు. బెర్లిన్‌లో జర్మన్ శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ ప్రయోగశాలకు వెళ్లాల్సి వచ్చింది. పరికరాలకు డబ్బు ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది రాజకీయం కాక మరేమిటి?

ఇంకొకటి. ఆయన రాజకీయంలోకి 1952లో వచ్చారనడం తప్పు. 1905లో బెంగాల్ విభజన సమయంలో గవర్నర్ రాకను బహిష్కరించినందుకు ఢాకా బడి నుంచి తీసేశారు, ఉపకార వేతనం పోయింది. చిన్న దుకాణదారు కొడుక్కి ఆ వేతనం ఎంత ముఖ్యమో మీకు చెప్పనక్కరలేదు. కలకత్తా హాస్టల్లో కులం పేరుతో పక్కన కూర్చుని తిననివ్వలేదు. ఇన్ని చూసిన మనిషిని ప్రయోగశాల తలుపు వేసుకుని కూర్చోమంటారా?

కృష్ణాతీరం:
యాభై ఎనిమిదేళ్ల మనిషి నుంచి ఇంకో అయనీకరణ సమీకరణం రావాల్సి ఉందా, పాతనోటుబుక్కు గారూ? ఎన్నికల ఖర్చుకు డబ్బు లేక, తన ఉష్ణశాస్త్ర పాఠ్యపుస్తకం ప్రచురణకర్తను 5000 రూపాయలు అడ్వాన్సు అడిగిన అభ్యర్థి ఆయన. ఇప్పటి అభ్యర్థులతో పోల్చాలంటే నవ్వు వస్తోంది.

పాతనోటుబుక్కు:
నిజాయితీని నేను శంకించలేదండీ. నా ప్రశ్న ఫలితం గురించి. ఆయన చేసిన గొప్ప ప్రజాపనులు ఒకసారి వరుసగా చూడండి. 1935లో 'సైన్స్ అండ్ కల్చర్' పత్రిక పెట్టారు. 1938లో సుభాష్ బోస్ వేయించిన జాతీయ ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1943 దామోదర్ వరద తరువాత విచారణ సంఘంలో ఉండి అమెరికాలో ఆనకట్టలతో ఒక నదీలోయ మొత్తాన్ని అభివృద్ధి చేసిన టెన్నెసీ లోయ నమూనాను ప్రచారం చేశారు, 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. 1950లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఐరీన్ జోలియో-క్యూరీ చేతుల మీదుగా కలకత్తాలో అణుభౌతిక సంస్థ మొదలైంది. వీటిలో ఒక్కదానికైనా ఎంపీ పదవి అవసరమైందా?

వర్ణపటం:
మంచి ప్రశ్న. జవాబు కూడా ఆ వరుసలోనే ఉంది, 1948 దగ్గర. అణుశక్తి సంఘం ఏర్పడింది. సభ్యులు శాస్త్రవేత్తలు భాభా, భట్నాగర్, కె.ఎస్. కృష్ణన్. సాహా లేరు. ముందు పరిశ్రమల పునాది, శిక్షణ పొందిన మనుషులు ఉండాలి, సంఘం తరువాత అన్నది ఆయన వాదన. నెహ్రూ వినలేదు. కమిటీల్లో చోటు దక్కనప్పుడు లోపలికి వెళ్లడానికి ప్రజల ఓటు ఒక్కటే మిగిలింది. 1954 మే 10న లోక్‌సభలో అణుశక్తి మీద చర్చ జరిగినప్పుడు, అణుశక్తి పనుల్లో అంత రహస్యం ఎందుకని నిలదీసింది ఆయనే. అదే సభలో కూర్చున్న మిగతావాళ్లలో ఆ ప్రశ్న అడగగలిగినంత భౌతికశాస్త్రం ఎవరికి తెలుసు?

పాతనోటుబుక్కు:
తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఆ ప్రసంగం తరువాత మూడు నెలలకే, ఆగస్టులో, అణుశక్తి శాఖను నేరుగా ప్రధాని చేతి కిందకు తెచ్చారు. ఆయన అడిగినదానికి సరిగ్గా ఎదురు. ఆయన మాటతీరు కూడా శత్రువులను పెంచేదే. రాజకీయంలో పని జరగాలంటే కొంత ఓర్పు కావాలి.

పంచాంగం:
ఓర్పు లేదంటే ఒప్పుకోను. 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. దేశం నలుమూలల నుంచి పదుల కొద్దీ పంచాంగాలు తెప్పించి పోల్చారు, 1955లో నివేదిక ఇచ్చారు. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో, మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15న. ఆ ఇరవై మూడు రోజుల తేడాను సరిచేయాలన్నారు. 1957 మార్చి 22 నుంచి జాతీయ శక పంచాంగం అమల్లోకి వచ్చింది. గెజెట్‌లో ఉంది, మన గోడ మీద లేదు. మన ఉగాది చాంద్రమానంలోనే సాగిపోతోంది.

కృష్ణాతీరం:
గోడ మీద లేకపోతే ఏం? కానీ అది ఎంపీగా చేసిన పని కాదు, శాస్త్రవేత్తగా ఒప్పుకున్నది. పాతనోటుబుక్కు గారికే ఒక పాయింటు ఇచ్చినట్టయింది!

పాతనోటుబుక్కు:
ఇచ్చినందుకు థాంక్స్. ఆయన సహపాఠి సత్యేంద్రనాథ్ బోస్ కూడా 1952లోనే పార్లమెంటుకు వెళ్లారు, రాజ్యసభకు నామినేట్ అయి. ఊరూరా తిరగనక్కరలేదు, అడ్వాన్సు అడగనక్కరలేదు. సాహాకు కూడా ఆ దారి బాగుండేది.

వర్ణపటం:
ఆ దారి ప్రభుత్వం ఇచ్చేది. ప్రభుత్వపు అణువిధానాన్ని బహిరంగంగా తప్పుపట్టే మనిషిని అదే ప్రభుత్వం నామినేట్ చేస్తుందా? 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలో కుప్పకూలి చనిపోయారు సాహా. అప్పటికీ ఆయన ఆ కార్యాలయంలో వాదించడానికే వెళ్తున్నారు, నామినేషన్ అడగడానికి కాదు.