కట్నం మాట్లాడుకున్న పెళ్లికి చర్చిలో ప్రకటన చదవొచ్చా?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు వైపు. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. పోయిన ఆదివారం మా చెల్లి పెళ్లి ప్రకటన మొదటిసారి చదివారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టర్ గారు అడిగితే ఎవరూ లేవలేదు, నేనూ లేవలేదు. కట్నం మాట్లాడింది మా ఇంట్లోనే, సంఘ పెద్దలిద్దరు ప్రార్థన చేసి మరీ మొదలుపెట్టారు. ఇదే చర్చిలో ఒకబ్బాయి తాగాడని మూడు నెలలు ప్రభు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోటికి, దూరం పెట్టారు. తాగుడికి ఉన్న రూలు కట్నానికి ఎందుకు లేదు? ఊరికి మంచీ చెడూ చెప్పే పని అసలు చర్చిదేనా?

జవాబు 1: బ్రదర్, మీ వైపు జరిగిందే చెప్తా. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. కూటి కోసం చర్చిలో కలిశారనే మాట రాకూడదని అంతకుముందు కరువులో తాను జనానికి ఇప్పించిన బకింగ్‌హామ్ కాలవ పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. వాళ్లకి ముఖ్యంగా చెప్పినవి మూడు, ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఆదివారం రానంటే ఆసామి ఊరుకుంటాడా? తిండికి లేని జనం అంత తెగించి ఆ మాట నిలబెట్టుకున్నారు. ఇప్పుడు కట్నం వద్దని రూలు పెడితే ముందు నష్టపోయేది కొడుకులున్న పెద్దలే, అందుకే ఎవరూ నోరు మెదపరు.

జవాబు 2: చర్చి మాటని చట్టం చేస్తే ఏమవుతుందో మిజోరంలో చూశాను, ఐజ్వాల్‌లో రెండేళ్లు ఉన్నా. చర్చిల పట్టుదలతో 1995లో మద్యనిషేధ చట్టం తెచ్చారు, 2015లో షాపులు తెరిచారు, 2019లో మళ్లీ మూసేశారు. అయినా దొంగచాటు సరుకు ఆగలేదు. కానీ అక్కడ ఎవరింట్లో చావు జరిగినా పిలవకుండానే కుర్రాళ్లొచ్చి గొయ్యి తవ్వుతారు, దానికి ఏ చట్టమూ లేదు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

జవాబు 3: అన్నా, నా పెళ్లి మాటలప్పుడు ప్రార్థన అయ్యాక డబ్బు కవర్ తీసుకెళ్లి బైబిల్ కింద పెట్టారు. తలుపు పక్కన నిలబడి చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను. కట్నం మీద చట్టం 1961 నుంచీ ఉంది, పోలీసుల దగ్గరికి వెళ్లే ధైర్యం మా నాన్నకి ఎక్కడిది? పాస్టర్ గారు ఆ రోజు "కట్నం ఉంటే ప్రకటన చదవను" అని ఒక్క మాట అని ఉంటే మా అరెకరం మిగిలేది. మీకు ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి కదా, వెళ్లి అడగండి.

ప్రశ్న అడిగినవారు: అక్కా, రేపు సాయంత్రం పాస్టర్ గారింటికి వెళ్తున్నా. చెల్లి కూడా వస్తానంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.