పార్కులో ఓపెన్ జిమ్ రిపేర్‌కి ఏ పద్దు కింద అడగాలి?

అందరికీ నమస్తే. మాది పెద్దపల్లి వైపు చిన్న మున్సిపాలిటీ. మా వార్డు పార్కులో ఓపెన్ జిమ్ ఉంది. అందులో ఎయిర్ వాకర్‌కి ఎడమవైపు బేరింగ్ పూర్తిగా అరిగిపోయింది, కాలు పెట్టి ఊపుతుంటే మధ్యలో ఒక్కసారిగా పట్టేసి మనిషి ముందుకు పడబోతున్నాడు. పిల్లల జారుడుబండ కింద రేకు తుప్పుపట్టి అంచు పైకి లేచింది, కాళ్లు కోసుకుపోతున్నాయి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పిల్లలతో నిండిపోయే చోటు, అందుకే టెన్షన్.

గ్రీజు పెట్టి చూసినం, రెండు రోజులు బాగానే తిరిగి మళ్లీ అదే కథ. వెల్డింగ్ అతను రేకు అతికిస్తా అన్నాడు కానీ ఆ సైజు బేరింగ్ ఇక్కడ దొరకదట, సప్లయ్ చేసిన కంపెనీ స్టిక్కర్ కూడా చెరిగిపోయింది. వార్డు ఆఫీసర్‌కి చెప్పినం, సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చినం, సమాచార హక్కు కింద కూడా అడిగినం. వచ్చిన జవాబు ఒక్కటే: పరికరాల నిర్వహణకు నిధులు లేవు.

2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌గా పెట్టాలి కదా, అది అడిగితే మొక్కలకు, నర్సరీలకు మాత్రమే అంటున్నారు. కొత్త పరికరాలు అడగట్లేదు, ఉన్నవి బాగుచేస్తే చాలు.

మీ ఊళ్లో ఇట్లాంటి రిపేర్ మున్సిపాలిటీతోనే చేయించినవాళ్లు ఉంటే, ఏ పద్దు కింద మంజూరైందో చెప్తారా?